కంపెనీని తిట్టవచ్చు, దాని వేషం మాత్రం కట్టకూడదు

1996లో జెరెమీ కూపర్‌స్టాక్ అనే కెనడా వాసి యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలో ప్రయాణించారు. ఆ ప్రయాణం ఆయనకు చేదు అనుభవం మిగిల్చింది. జరిగినదంతా వివరంగా రాసి సంస్థకు పంపితే సరైన జవాబు రాలేదు. మనలో చాలామంది ఇలాంటప్పుడు నలుగురికీ చెప్పుకుని ఊరుకుంటాం. ఆయన ఊరుకోలేదు. 1997లో అన్‌టైడ్ డాట్ కామ్ అనే వెబ్‌సైట్ తెరిచారు. యునైటెడ్ పేరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలను అటూ ఇటూ మారిస్తే వచ్చే పేరది. ఒక్కడి ఫిర్యాదుతో మొదలైన సైటులో క్రమంగా ఇతర ప్రయాణికుల ఫిర్యాదులు, సంస్థలో పనిచేసి బయటికి వచ్చినవారి గోడు, ప్రయాణికుల హక్కుల సమాచారం అన్నీ వచ్చి చేరాయి. కూపర్‌స్టాక్ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ప్రొఫెసర్. సైటు మీద బతికే అవసరం ఆయనకు లేదు. పట్టుదల మాత్రం పుష్కలంగా ఉంది.

ఇన్ని తిట్లు పోగవుతున్నా యునైటెడ్ ఏళ్ల తరబడి దావా జోలికి పోలేదు. కథ మలుపు తిరిగింది 2011లో. ఆ ఏడాది కూపర్‌స్టాక్ తన సైటుకు కొత్త రూపు ఇచ్చారు. రంగులు, పేజీ అమరిక, అక్షరాల తీరు, భూగోళం గుర్తు అన్నీ యునైటెడ్ అసలు సైటును పక్కన పెట్టుకుని దించినట్టు తయారయ్యాయి. వ్యంగ్యం కోసమే అలా చేశానన్నారాయన. సంస్థ అభ్యంతరం చెప్పాక కొన్ని మార్పులు చేశారు. భూగోళం గుర్తుకు మూతి ముడిచిన ముఖం తగిలించారు. ఇది యునైటెడ్ సైటు కాదంటూ ప్రకటన పెట్టారు. సంస్థకు అవి చాలలేదు. 2012లో కెనడా ఫెడరల్ కోర్టులో దావా పడింది.

2017 జూన్‌లో తీర్పు వచ్చింది. కూపర్‌స్టాక్ ఓడిపోయారు. గమనించవలసింది ఆయన దేనికి ఓడిపోయారన్నది. సైటులోని ఫిర్యాదులు అబద్ధాలని కోర్టు తేల్చలేదు. ఆ కేసు పరువునష్టం గురించి కాదసలు. సంస్థ గుర్తులనూ, సైటు రూపాన్నీ వాడుకోవడం వల్ల ట్రేడ్‌మార్క్ హక్కుకూ కాపీరైట్‌కూ భంగం కలిగిందన్నది తీర్పు సారాంశం. కొందరు ప్రయాణికులు అది యునైటెడ్ సొంత సైటే అనుకుని అక్కడ ఫిర్యాదు రాసుకున్న దాఖలాలు కోర్టు ముందుకు వచ్చాయి. డబ్బు పుచ్చుకోకపోయినా సమాచారం అందించడం కూడా సేవ కిందికే వస్తుందని కోర్టు భావించింది. కెనడా కాపీరైట్ చట్టంలో 2012లోనే పేరడీకి, అంటే వెక్కిరింత కోసం చేసే అనుకరణకు, మినహాయింపు చేర్చారు. ఇది పేరడీ కావచ్చని న్యాయమూర్తి ఒప్పుకున్నారు. అయితే వాడుకున్నది మరీ ఎక్కువనీ, ఉద్దేశం సంస్థను నవ్వులపాలు చేయడమనీ, కనుక అది న్యాయమైన వాడకం కాదనీ అన్నారు.

ఈ చివరి మాట నాకు మింగుడు పడదు. నవ్వులపాలు చేయని పేరడీ ఎక్కడైనా ఉంటుందా? అయితే సైటు ఎవరిదో తెలియక జనం పొరబడ్డారన్న అంశం దగ్గర మాత్రం కోర్టును తప్పుపట్టలేను. ఫిర్యాదు సంస్థకే చేరిందనుకుని ఇంట్లో కూర్చున్న ప్రయాణికుడు నష్టపోయినట్టే కదా.

పెద్ద కంపెనీ మీద ఫిర్యాదుల వెబ్‌సైట్ పెట్టాలనుకునేవారు మొదట భయపడేది పరువునష్టం దావాకు. ఆ భయంలో అర్థముంది, దాని సంగతి తర్వాత చెబుతాను. అయితే వివిధ దేశాల తీర్పులు చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. సైటులో ఏం రాశారన్నదాని కంటే సైటుకు ఏ పేరు పెట్టారు, ఏ బొమ్మ వాడారు, ఎక్కడ నాలుగు డబ్బులు రాబట్టారు, కంపెనీకి రాసిన ఉత్తరంలో ఏమన్నారు అనే పక్క సంగతుల దగ్గరే చాలామంది దొరికిపోయారు. విమర్శ నిలబడింది, విమర్శకుడు పడిపోయాడు.

పేరు దగ్గర మొదలయ్యే తగాదా

అమెరికాలో ఈ తగాదాలు 1990ల చివరి నుంచే కోర్టుకెక్కాయి. బ్యాలీ టోటల్ ఫిట్‌నెస్ అనే వ్యాయామశాలల గొలుసు సంస్థ మీద ఒకాయన ఫిర్యాదుల పేజీ పెట్టి, సంస్థ గుర్తు మీద అడ్డంగా ‘సక్స్’ అనే ఇంగ్లీషు ఈసడింపు మాట రాశాడు. 1998లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు సంస్థ దావాను కొట్టేసింది. తనను తానే తిట్టుకునే సంస్థ ఉండదు కనుక అది సంస్థ అధికారిక పేజీ అని ఎవరూ పొరబడరన్నది అక్కడి తర్కం. ట్రేడ్‌మార్క్ చట్టం పుట్టింది కొనుగోలుదారు మోసపోకుండా చూడటానికి. ఒక సబ్బు అనుకుని ఇంకో సబ్బు కొనకూడదు, అంతే. కంపెనీకి తన పేరు మీద ఎవరూ నోరెత్తకూడదనే హక్కును ఆ చట్టం ఇవ్వలేదు.

2003లో టాబ్‌మన్ అనే మాల్ నిర్మాణ సంస్థ కేసులో అప్పీలు కోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. టెక్సస్‌లో కొత్తగా కడుతున్న షాపింగ్ మాల్ మీద ముచ్చటపడి ఒకాయన దాని పేరుతో సైటు పెట్టాడు. తిట్టడానికి కాదు, అభిమానంతోనే. సంస్థ దావా వేసింది. కడుపు మండి ఆయన సంస్థ పేరు చివర ఆ ఈసడింపు మాట తగిలించి మరికొన్ని పేర్లు నమోదు చేసుకుని, దావా ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ అక్కడ పెట్టాడు. కింది కోర్టు రెండింటినీ ఆపమంది. అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వులను రద్దు చేసింది. విమర్శ వల్ల సంస్థకు వ్యాపార నష్టం కలిగినా సరే, సైటు ఎవరిదో జనం పొరబడనంత వరకు ట్రేడ్‌మార్క్ చట్టం అడ్డురాదని చెప్పింది. అభిమాని చేతికి తిట్ల సైటును సంస్థే అందించిందన్నమాట. కంపెనీల న్యాయ విభాగాల్లో ఈ కేసును గోడకు అతికించుకోవాలి.

మరి కంపెనీ పేరు ఉన్నది ఉన్నట్టుగా వాడితే? బాస్లీ మెడికల్ అనే జుట్టు మార్పిడి సంస్థ మీద కోపం వచ్చిన ఒక రోగి సరిగ్గా సంస్థ పేరుతోనే డాట్ కామ్ నమోదు చేసుకుని, ఆ సంస్థ మీద గతంలో జరిగిన ప్రభుత్వ విచారణ వివరాలు అందులో పెట్టాడు. 2005లో అప్పీలు కోర్టు ఆయన అక్కడ ఏమీ అమ్మడం లేదు కాబట్టి ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కాదంది. అయితే ఇంకో చట్టం ఉంది, దురుద్దేశంతో డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ చిరునామాలు, నమోదు చేసేవారి మీద అమెరికా 1999లో చేసింది. ఆ చట్టం కింద దావా కొనసాగించవచ్చని అదే కోర్టు అంది. పేరు నమోదు చేసుకున్న కొద్ది రోజులకే ఆయన సంస్థ అధిపతికి ఒక ఉత్తరం అందజేశాడు. ఇంటర్నెట్‌లో ఒకసారి పాకిపోయాక ఆపడం ఎవరి తరమూ కాదనీ, మాట్లాడుకోవాలంటే చెప్పమనీ, తాను అన్నమాట నిలబెట్టుకునే మనిషిననీ దాని సారం. బాధితుడి ఉత్తరంగా చదివితే అందులో ఆవేదన కనిపిస్తుంది. కంపెనీ వకీలు చదివితే బేరం కనిపిస్తుంది.

ఈ ఉత్తరం దగ్గర ఒక నిమిషం ఆగాలి. ఫిర్యాదుల సైటు నడిపేవారికి ఎదురయ్యే అసలు ప్రలోభం ఇదే. ‘నా డబ్బు వాపసు ఇవ్వండి, సైటు తీసేస్తాను’ అన్న ఒక్క వాక్యంతో అప్పటివరకు ప్రజల కోసం అని చెప్పుకున్నదంతా బేరసారాల సామగ్రిగా మారిపోతుంది. న్యాయంగా రావలసిన సొమ్మే అయినా సరే, దాన్ని అడిగే ఉత్తరం వేరు, సైటు వేరు. రెండూ ఒకే కాగితం మీదికి రాకూడదు. మన దేశంలోనైతే అలాంటి ఉత్తరాన్ని బెదిరించి వసూలు చేయడం కింద చూపించే ప్రయత్నం కూడా జరుగుతుంది.

డొమైన్ పేరు కోసం కంపెనీ ప్రతిసారీ కోర్టుకు వెళ్లనక్కర్లేదు. 1999 నుంచి డాట్ కామ్ వంటి పేర్ల తగాదాలకు ఒక ప్రత్యేక ఏర్పాటు ఉంది. జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వంటివి నియమించే నిపుణులు కాగితాలు చూసి తేల్చేస్తారు. పేరు తమ ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందనీ, అవతలి వ్యక్తికి ఆ పేరు మీద న్యాయమైన ప్రయోజనం లేదనీ, దురుద్దేశంతో నమోదు చేసి వాడుతున్నాడనీ కంపెనీ మూడూ నిరూపించాలి. ఇక్కడి తీర్పులు కోర్టు తీర్పులంత నిలకడగా ఉండవు. ఎయిర్ ఫ్రాన్స్ పేరు చివర అదే తిట్టు చేర్చిన డొమైన్‌ను 2005లో నిపుణుల బృందం ఆ విమాన సంస్థకే అప్పగించింది. ఇంగ్లీషు రానివారికి ఆ తిట్టు తిట్టని తెలియకపోవచ్చు, వారు పొరబడవచ్చు అని మెజారిటీ నిపుణులు అభిప్రాయపడ్డారు. అమెరికా కోర్టు ‘ఎవరూ పొరబడరు’ అన్నది ఇంగ్లీషు వారిని దృష్టిలో పెట్టుకునే మరి!

అన్నిటికంటే చిన్న మొత్తానికి పెద్ద పాఠం చెప్పింది రైయాన్ఎయిర్ కేసు. ఆ విమాన సంస్థను ద్వేషిస్తున్నానని పేరులోనే చాటుకున్న ఒక బ్రిటిష్ సైటు మీద సంస్థ 2010లో అక్కడి డొమైన్ సంస్థ నామినెట్‌కు ఫిర్యాదు చేసింది. సైటులో ఉన్న విమర్శ తప్పని ఎవరూ తేల్చలేదు. అయితే సైటు యజమాని కొన్ని వాణిజ్య లింకులు పెట్టి 322 పౌండ్లు సంపాదించాడు. సంస్థ పేరును వాడుకుని లాభం పొందాడనడానికి ఆ 322 పౌండ్లు చాలాయి. పేరు రైయాన్ఎయిర్‌కు దక్కింది. సైటు మాత్రం వేరే డొమైన్ మీద కొనసాగింది. సర్వర్ ఖర్చులకని ఒక ప్రకటన పెట్టుకుందాం అనుకునేవారు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

ఇంకోవైపు తిట్టు కూడా వ్యాపారమైంది. 2015లో డాట్ సక్స్ అనే కొత్త డొమైన్ విభాగం మొదలైనప్పుడు, ట్రేడ్‌మార్క్ ఉన్న కంపెనీలు ముందుగా తమ పేరు కొనుక్కోవడానికి 2,499 డాలర్ల ధర పెట్టారు. విమర్శకుల వేదిక అన్నారు గానీ, విమర్శకుడి చేతికి పేరు చిక్కకుండా కంపెనీ కొనుక్కుంటుందన్న ధీమా లేకుండా ఆ ధర పెట్టరు.

మన కోర్టులు ఏమన్నాయి

డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ వంటి రక్షణ ఉంటుందని మన సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఆ తీర్పు వచ్చిన కేసు సత్యం ఇన్ఫోవేది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ స్థాపించిన సంస్థ అది. అందులో తగాదా రెండు వ్యాపార సంస్థల మధ్య, కాబట్టి విమర్శకుల ప్రసక్తి రాలేదు. విమర్శకుల సంగతి తేలింది 2011లో, ఢిల్లీ హైకోర్టులో, ఒక వీడియో గేమ్ కారణంగా.

ఒడిశాలో ధామ్రా రేవు నిర్మాణం జరుగుతున్న రోజులవి. టాటా స్టీల్, ఎల్ అండ్ టీ కలిసి కడుతున్న ఆ రేవుకు దగ్గర్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే గహిర్‌మఠ తీరం ఉంది. రేవు వల్ల తాబేళ్లకు ముప్పని గ్రీన్‌పీస్ ప్రచారం చేస్తూ, పాత ప్యాక్‌మ్యాన్ ఆటను అనుకరించి ఒక ఆట తయారు చేసింది. అందులో తాబేలు చుక్కలు మింగుతూ పరిగెడుతుంటే, టాటా ‘టి’ గుర్తు ధరించిన రాక్షసులు వెంటపడతారు. టాటా సన్స్ 10 కోట్ల రూపాయల పరిహారం కోరుతూ దావా వేసి, ముందు ఆటను ఆపించమంది. జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ ఒప్పుకోలేదు. ట్రేడ్‌మార్క్‌ను విమర్శకు గురిపెట్టడానికి వాడితే అది తనంతట తానే ఉల్లంఘన అయిపోదన్నారు. ఇంటర్నెట్‌లో ఎక్కువమందికి చేరుతుందన్న కారణంతో నోరు నొక్కే నిబంధనలు మారవన్నారు. విచారణ జరిగి నిజానిజాలు తేలకముందే నోరు మూయించడం సరికాదన్న పాత సూత్రాన్ని ఆయన ఆధారం చేసుకున్నారు. 1891 నాటి బానర్డ్ కేసులో ఇంగ్లండు న్యాయమూర్తులు చెప్పిన సూత్రమది.

ఈ తీర్పును యునైటెడ్ తీర్పు పక్కన పెట్టి చదవాలి. రెండిట్లోనూ సంస్థ గుర్తును వెక్కిరింతకు వాడారు. ఒకటి నిలిచింది, ఇంకొకటి కూలింది. దేశాలు వేరు, చట్టాలు వేరు, నిజమే. అయితే టాటా గుర్తు ధరించిన రాక్షసుణ్ణి చూసి టాటా కంపెనీయే ఈ ఆట తయారు చేసిందని ఎవరనుకుంటారు? యునైటెడ్ సైటులాంటి సైటులో ఫిర్యాదు ఫారం చూసినవారు మాత్రం అనుకున్నారు. వెక్కిరింత ఎంత మోటుగా ఉంటే చట్టం దగ్గర అంత భద్రం. నాజూకైన అనుకరణే ప్రమాదం.

వినియోగదారుల విమర్శకు మరింత దగ్గరి కేసులు ఈమధ్య వచ్చాయి. పారాషూట్ కొబ్బరినూనెను విమర్శించిన ఒక యూట్యూబర్ మీద మారికో వేసిన దావాలో 2020 జనవరిలో బొంబాయి హైకోర్టు సింగిల్ జడ్జి వీడియో తీసేయమన్నారు. ఆ యూట్యూబర్ చేసిన పోలికలకు సరైన ఆధారం లేదన్నారు. లక్షలమంది చూసే వ్యక్తికి మామూలు మనిషి కంటే బాధ్యత ఎక్కువన్నారు. అప్పీలులో ఆ ఆదేశం తర్వాత సడలింది. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో ఒక ప్రోటీన్ పొడి తయారీదారు తన సరుకు నాసిరకమన్న కొందరు యూట్యూబర్ల మీద పరువునష్టం, ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన రెండూ మోపాడు. జస్టిస్ అమిత్ బన్సల్ వీడియోలు ఆపడానికి నిరాకరించారు. ఆ విమర్శకుల చేతిలో ప్రయోగశాల పరీక్షల నివేదికలు ఉన్నాయి. డబ్బా మీది పేరు చూపించింది ఏ సరుకు గురించి మాట్లాడుతున్నారో చెప్పడానికే కనుక ట్రేడ్‌మార్క్ వాదన కూడా చెల్లలేదు.

ఇక్కడ చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. ఒక ఫ్రిజ్ కొన్నవారు రెండు వాక్యాలు రాశారనుకుందాం. ఒకటి: ‘పరమ చెత్త కంపెనీ, దీని మొహం చూడకండి.’ రెండోది: ‘కొత్త ఫ్రిజ్ అని చెప్పి పాత కంప్రెసర్ బిగించి పంపారు.’ మొదటి వాక్యం చూసి సైటు నడిపే మనిషి కంగారు పడి తీసేస్తాడు, రెండోది మర్యాదగా ఉంది కదా అని వదిలేస్తాడు. చట్టం దృష్టిలో మొదటిది అభిప్రాయం, కోపంలో అన్న మాట. కోర్టులు దానికి చాలావరకు చోటిస్తాయి. రెండోది వాస్తవ ప్రకటన. మెకానిక్ ఇచ్చిన చీటీయో, కంప్రెసర్ మీది తయారీ తేదీ ఫోటోయో ఉంటే కొండంత బలం. లేకపోతే అదే మెడకు ఉరి. మాట మర్యాద దానికి రక్షణ కాదు.

ఇతరుల మాటకు ఎవరు జవాబుదారీ

సైటు నడిపేవారు సొంతంగా రాసేది కొంతే. మిగతాదంతా జనం రాసేది. అందులో తప్పు దొర్లితే ఎవరి మీద పడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెనక ఒక తమాషా చరిత్ర ఉంది. 1994లో అమెరికాలో ప్రాడిజీ అనే ఆన్‌లైన్ సేవలో ఎవరో పేరు తెలియని వ్యక్తి స్ట్రాటన్ ఓక్‌మాంట్ అనే షేర్ల దళారీ సంస్థ మోసగాళ్ల సంస్థ అని రాశాడు. సంస్థ ప్రాడిజీ మీద 20 కోట్ల డాలర్లకు దావా వేసింది. 1995లో న్యూయార్క్ కోర్టు, ప్రాడిజీ బూతులు తీసేస్తూ సభ్యుల రాతలను అదుపులో పెడుతోంది కాబట్టి అది పత్రికలాగే ప్రచురణకర్త అవుతుందనీ, కనుక బాధ్యత దానిదేననీ చెప్పింది. అంటే చెత్త ఊడ్చినవాడికి శిక్ష, ఊడ్వనివాడికి రక్షణ. ఈ అడ్డదిడ్డాన్ని సరిచేయడానికే అమెరికా పార్లమెంటు 1996లో 230వ సెక్షన్ చేసింది. ఇతరులు రాసినదానికి సైటు నడిపేవారిని ప్రచురణకర్తగా చూడరాదని అది చెబుతుంది. ఇక స్ట్రాటన్ ఓక్‌మాంట్ సంగతి: 1996 చివరికి ఆ సంస్థను దళారీల నియంత్రణ సంఘం బహిష్కరించింది, 1999లో దాని అధిపతులు షేర్ల మోసాన్ని కోర్టులో ఒప్పుకున్నారు. ఆ అజ్ఞాత వ్యక్తి రాసింది గాలి మాట కాదన్నమాట.

మన దేశంలో ఇలాంటి రక్షణ సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్‌లో ఉంది, కానీ దానికి షరతులు ఉన్నాయి. 2011 నాటి నిబంధనల ప్రకారం ఎవరు అభ్యంతరం చెప్పినా మధ్యవర్తి సైటు, అంటే ఇతరుల రాతలకు చోటిచ్చే సైటు, 36 గంటల్లో స్పందించి చర్య తీసుకోవలసి ఉండేది. వినియోగదారుల సమీక్షలతోనే నడిచే మౌత్‌షట్ సైటుకు ఇది ప్రాణసంకటమైంది. చెడ్డ సమీక్ష పడిన ప్రతి కంపెనీ ఒక నోటీసు పంపితే చాలు, సమీక్ష తీసేయాలా, రక్షణ వదులుకోవాలా అన్న సందిగ్ధం. మౌత్‌షట్ 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆన్‌లైన్ రాతలకు జైలు శిక్ష వేసే 66ఎ సెక్షన్‌ను కొట్టేసిన కేసుగా అందరికీ తెలిసిన 2015 మార్చి 24 నాటి శ్రేయా సింఘాల్ తీర్పులోనే ఈ సమస్యకూ జవాబు దొరికింది. కంపెనీ నోటీసు పంపినంత మాత్రాన తీసేయనక్కర్లేదు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ప్రకటనో రావాలి అని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సమీక్షలు రాసే ప్రతి భారతీయుడూ ఆ రోజు లాభపడ్డాడు. పత్రికల్లో మాత్రం 66ఎ గురించే రాశారు.

మెలిక ఎక్కడుందంటే, 79వ సెక్షన్ రక్షణ కావాలంటే వచ్చిన సమాచారాన్ని సైటు నడిపేవారు మార్చకూడదు. 2021 నిబంధనలు అనుచితమైనదాన్ని స్వచ్ఛందంగా తీసేస్తే రక్షణ పోదని చెప్పాయి. అంటే తీసేయవచ్చు, తిరగరాయకూడదు. ఫిర్యాదు గజిబిజిగా ఉందని మంచి తెలుగులోకి సర్ది, పైన ‘మోసం బట్టబయలు’ అని శీర్షిక తగిలిస్తే, ఆ శీర్షిక మీదే అవుతుంది. దానికి రుజువు చూపవలసింది మీరే. ఫిర్యాదుదారుడు అన్నది ఫిర్యాదుదారుడి పేరు మీద, అతని మాటల్లోనే ఉండాలి. సైటు వారు అన్నది విడిగా, తామే పరిశీలించి రాసినట్టుగా ఉండాలి. కంపెనీ జవాబు పంపితే దాన్ని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి. చట్టం కోరే దానికంటే ఇది ఎక్కువే కావచ్చు, కానీ సద్బుద్ధితో నడిపామని కోర్టులో చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి రుజువు లేదు. 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ సమీక్షలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. సమీక్ష రాసినవారు నిజమైన వినియోగదారులేనా అని ఎలా సరిచూడాలో అందులో ఉంది.

కంపెనీ ఉద్యోగుల సొంత ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు పెట్టడం మాత్రం ఎవరికీ కలిసిరాలేదు. కూపర్‌స్టాక్ మీద యునైటెడ్ క్యుబెక్‌లో వేసిన ఇంకో దావా ఉద్యోగుల సంప్రదింపు వివరాలు పెట్టినందుకే.

గెలిచేలోపు

ఇక పరువునష్టం. మన దేశంలో ఇది సివిల్ తప్పూ, నేరమూ కూడా. భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా సమాజ సేవ. కంపెనీకి కూడా పరువు ఉంటుందని చట్టమే చెబుతుంది. నేర విచారణలో రాసింది నిజమైతే సరిపోదు, అది ప్రజాహితం కోసం రాసినదై ఉండాలి. ఈ నేరాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేయడానికి సుప్రీంకోర్టు 2016లో నిరాకరించింది. ప్రజాహితమన్నది ఫిర్యాదుల సైటుకు నిరూపించడం కష్టం కాదు, పైన చెప్పిన బేరపు ఉత్తరం రాయకపోతే.

చివరికి గెలుస్తారా అన్నది కాదు, గెలిచేదాకా తట్టుకుంటారా అన్నదే అసలు కష్టం. పెద్ద కంపెనీ ఇంకో రాష్ట్రంలో, ఇంకో నగరంలో దావా వేసి, అవతలి పక్షం రాకముందే ఏకపక్ష ఉత్తర్వు తెచ్చుకుంటుంది. 2023 సెప్టెంబరులో హిమాలయ వెల్‌నెస్ సంస్థ బెంగళూరు సివిల్ కోర్టులో ఇలాంటి ఉత్తర్వు తెచ్చింది. ఆయుర్వేద మందులను విమర్శించే ఒక కాలేయ వైద్యుడి ఎక్స్ ఖాతా మొత్తం దేశంలో మూతబడింది. తగాదా కొన్ని పోస్టుల మీద, మూతపడింది ఖాతా అంతా. అక్టోబరులో కర్ణాటక హైకోర్టు జోక్యంతో ఖాతా తెరుచుకుంది, వివాదాస్పద పోస్టులు దాచి ఉంచాలన్న షరతు మీద. 2024 మార్చి 22న వార్తాసంస్థ బ్లూమ్‌బెర్గ్ మీద టీవీ సంస్థ జీ వేసిన కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులకు గట్టిగానే చెప్పింది. విచారణకు ముందే రాతలను ఆపించే ఉత్తర్వులు అరుదుగా తప్ప ఇవ్వరాదనీ, డబ్బున్నవారు నోరు నొక్కడానికి వేసే దావాల విషయంలో జాగ్రత్తగా ఉండాలనీ హెచ్చరించింది. అమెరికాలో కాలిఫోర్నియా 1992లోనే ఇలాంటి దావాలను మొదట్లోనే కొట్టేసే చట్టం చేసుకుంది. మనకు అలాంటి చట్టం లేదు. సుప్రీంకోర్టు మాట విజయవాడలోనో వరంగల్‌లోనో జిల్లా కోర్టు దాకా వినిపించాలంటే అక్కడ నిలబడి చదివి వినిపించే వకీలు కావాలి, అతనికి ఫీజు కావాలి.

కాబట్టి కంపెనీ నోటీసు వచ్చిన రోజున చేయవలసిన మొదటి పని జవాబు రాయడం కాదు. దావా వేస్తారని అనుమానముంటే, ఆ కోర్టులో కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దనే ముందస్తు అర్జీ, వేసి ఉంచుకోవచ్చు. సివిల్ ప్రక్రియా స్మృతి 148ఎ సెక్షన్ కింద కేవియట్ 90 రోజులు ఉంటుంది. ఆలోగా కంపెనీ మధ్యంతర ఉత్తర్వు కోరితే మీకు చెప్పకుండా ఇవ్వరు. ఏ ఊళ్లో దావా వేస్తారో ముందే ఊహించవలసి రావడం ఇందులో ఇబ్బంది. కంపెనీ రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న నగరంతో మొదలుపెట్టడం మేలు.

తిట్టడం సైటు పని, పరిహారం ఇప్పించడం దాని పని కాదు. అది వినియోగదారుల కమిషన్ పని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో, చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేకుండా ఫిర్యాదు వేయవచ్చు. అయినా ఈ రెండు పనులూ ఒక చోట కలుస్తాయి. ఒకే రకమైన నష్టం పొందినవారంతా కమిషన్ అనుమతితో ఉమ్మడి ఫిర్యాదు వేయవచ్చని 35వ సెక్షన్ చెబుతుంది. అయితే ఆ ‘ఒకే రకం’ అన్నదాన్ని రుజువు చేయాలి. బెంగళూరులో బ్రిగేడ్ సంస్థ కట్టిన 1,134 ఫ్లాట్ల సముదాయంలో 51 ఫ్లాట్లు కొన్న 91 మంది అందరి తరఫునా ఫిర్యాదు వేస్తే, అందరి ప్రయోజనమూ ఒకటేనని చూపే వివరాలు ఫిర్యాదులో లేవని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో అంది. ఆ 91 మంది వరకు కలిసి కొనసాగించుకోనిచ్చింది.

ఆ వివరాలు సేకరించగల స్థితిలో ఉన్నది ఫిర్యాదుల సైటే. ‘మీ అనుభవం రాయండి’ అనే ఒక్క ఖాళీ పెట్టెతో వచ్చేవి వేరువేరు ఏడుపులు. బిల్లు తేదీ, మోడల్ సంఖ్య, లోపం ఏమిటి, ఎప్పుడు బయటపడింది, కంపెనీకి ఎప్పుడు చెప్పారు, ఏమన్నారు అని విడివిడి గడులు పెడితే అవే ఫిర్యాదులు ఒకే మోడల్‌లో ఒకే లోపం ఎన్నిసార్లు వచ్చిందో చూపే పట్టిక అవుతాయి. లోపం ఎప్పుడు బయటపడిందన్న గడిని మాత్రం తప్పనిసరి చేయాలి. కమిషన్‌కు వెళ్లడానికి ఉన్న గడువు రెండేళ్లే.